కుర్చీ ఎవరు లేపారు?

మార్చి 3

ఒసే తోకపిట్టా,

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నా కుడి చెవి పూర్తిగా రిటైరైంది, ఎడమది సెలవు చీటీ పెట్టింది. పైగా నువ్వు రోజంతా ఫోన్లో జనం చేత తిట్లు తినే ఉద్యోగం చేస్తావు. గదికి చేరాక నా కేకలు కూడా ఎందుకు నీకు? అందుకే రాస్తున్నా. నా చిన్న కూతురు, అనగా తమరి పిన్నిగారు, ఈ అక్షరాలు చూసి సిరాలో పడ్డ చీమ నడిచినట్టు ఉన్నాయంటోంది. నాలుగో తరగతిలో నన్ను బయటికి గెంటిన పంతులుకి చెప్పుకోమన్నా.

పత్రికలో నీ ఫోటో పడిందని ఎదురుగా మందుల షాపావిడ తెచ్చి చూపించింది. ఆ జుట్టు ఎవరు కత్తిరించారే? ఒక చెవి దగ్గర దిగింది, ఒక చెవి దగ్గర ఎక్కింది. కటింగు షాపు మీద మేడలో పెరిగి ఆ తలతో పత్రికలోకి ఎక్కావంటే నా పరువేం కావాలి?

జుట్టు సంగతి వదిలేయ్. కథలు రాయడంలోకి ఎలా వచ్చారండీ అని ఆయనెవరో అడిగితే ఏం చెప్పావు? "మా వీధి గ్రంథాలయంలో, కిటికీ పక్కన, బయట వాన పడుతుండగా, ఒక లావుపాటి నవల నా చేతికొచ్చింది." ఏ వీధే? మన వీధిలో ఉన్నవి మందుల షాపు, సైకిళ్ళ షాపు, మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూటు, మనమూ. గ్రంథాలయం ఎప్పుడు కట్టారు, ఎప్పుడు కూల్చారు? దానికి తోడు వానొకటి. చదివి వినిపిస్తుంటే పిన్ని నవ్వు ఆపుకోలేక కాగితం నా ఒళ్ళో పడేసింది.

షాపులో కత్తెర ఇప్పుడు అంతా గుండాయనదే. నా పని బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ళని ఏడిపించడం. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేనివాడు ఎదుటివాడికి ఏ క్రాపు బాగుంటుందో చెబుతుంటే నాకు ఇన్నేళ్ళయినా నవ్వొస్తుంది. మంచివాడే. ఒకటే తెగులు ఉండేది. అప్పుడప్పుడు సాయంత్రం పోతూ పోతూ ఆ పెద్ద కుర్చీని పైదాకా లేపేసి పోయేవాడు. పొద్దున నేను దిగేసరికి అది ఏనుగు మీద అంబారీలా నిలబడి ఉండేది. నా బరువంతా వేసి పెడలు అదిమితే గానీ కిందికి రాదు. "ఏమయ్యా, నిన్న సాయంత్రం జిరాఫీకి గడ్డం గీశావా?" అంటే బిక్కమొహం వేసుకుని చూసేవాడు. ఎన్నేళ్ళు తిట్టానో.

ఇక్కడంతా మామూలే. ఆకలేస్తోంది, తింటున్నా. నిద్ర పడుతోంది. మీ అమ్మమ్మ పోయిందని పలకరించడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తారు. వచ్చి నా మొహంలోకి చూస్తారు, ఏదైనా రాలుతుందేమోనని. ఏమీ రాలదు. టీ తాగి పోతారు.

నీ కొత్త పుస్తకంలో కటింగు షాపు ముసలాడు ఉన్నాడని విన్నా. వాడికి మీసం పెట్టు. కాస్త పొడుగు చెయ్యి.

నెత్తిన ఇంకా జుట్టున్న
నీ తాత


మార్చి 12

తాతయ్యకి,

జుట్టు నేనే కత్తిరించుకున్నా. స్నానాల గదిలో, అరచేయంత అద్దంలో చూసి. ఇక దాని గురించి ఏమీ అనకు.

గ్రంథాలయం అబద్ధమే. ఆ పత్రికాయన కలం మూత కొరుక్కుంటూ "ఎలా వచ్చారు" అని అడిగాడు. మా తాతయ్య షాపులో బెంచీ మీద నుంచి వచ్చానండీ అందామని నోరు తెరిచా. ఆ మాట చెబితే దాని వెనకే అమ్మమ్మ మాట కూడా చెప్పాలి. అది రాలేదు. అందుకని వాన కురిపించా.

అసలు సంగతి నీకు తెలియదా ఏంటి! బడి నుంచి రాగానే ఆ బెంచీ మీద కూర్చునేదాన్ని. ఎవరో ఒకాయన గడ్డం గీయించుకుని గుమ్మం దాటగానే నువ్వు వంగి నా చెవిలో, "వాడికి రెండు కాపురాలే. రెండిళ్ళల్లోనూ పిల్లుంది. నోరు జారకుండా రెండు పిల్లులకీ ఒకటే పేరు పెట్టాడు" అనేవాడివి. నేను నమ్మేసేదాన్ని. పైకెళ్ళి భోజనాల దగ్గర చెబితే అమ్మమ్మ గిన్నెలోంచి తల ఎత్తకుండా, "ఆయన పోస్టాఫీసు గుమాస్తా. భార్యకి ఉబ్బసం. పిల్లి లేదు" అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. మర్నాడు ఆయన వస్తే చొక్కా జేబు ఎందుకు ఉబ్బెత్తుగా ఉందో నాకు తెలిసేది. అది మందుసీసా. నీ కోతల వల్ల ఆయన మీద ఆశ పుట్టేది. అమ్మమ్మ మాట వల్ల ఆయన కనపడేవాడు. మీ ఇద్దరి మధ్య ఇరుక్కుని ఈ పనిలో పడ్డాను.

ఇప్పుడు ఆఫీసులో కూడా అదే. లైను పనిచెయ్యట్లేదని ఒకావిడ నా మీద అరుస్తుంటుంది. ఆవిడ వెనకాల ఎవరో దగ్గుతారు. ఆ దగ్గు పట్టుకుని ఆవిడ ఇల్లంతా కట్టేస్తా. ఎవరి గురించి రాయాలన్నా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: గదిలో ఎవరూ లేనప్పుడు ఈ మనిషి ఏం చేస్తుంది? అది దొరికితే నడక, మాట, కోపం అన్నీ వాటంతట అవే వస్తాయి.

ఈసారి అది దొరకట్లేదు. కొత్త పుస్తకం ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే ఆవిడ కథ. ఆవిడ అమ్మమ్మేనని చెప్పనక్కర్లేదుగా. మా ఎడిటర్ చదివి, "మీ ముసలావిడ మంచిదే, కానీ ప్రాణం లేదు" అంది. జూన్ నెలాఖరులోపు ప్రాణం పోయకపోతే పుస్తకం ఆపేస్తారు.

ఇంకో సంగతి, నీకే చెబుతున్నా. జనవరిలో పిన్ని ఫోన్ చేసి అమ్మమ్మ ఇక లేదని చెప్పినప్పుడు నేను షిఫ్టులో ఉన్నా. సరే అని పెట్టేశా. లైన్లో ఉన్నాయన ఫిర్యాదు పూర్తిగా రాసుకుని, "ఇంకేమైనా సాయం కావాలా అండీ" అని కూడా అడిగి, అప్పుడు కుర్చీలోంచి లేచా. అప్పటి నుంచి ఇప్పటిదాకా నాకేమీ కాలేదు. రోజూ వెళ్తున్నా, వస్తున్నా. ఈ పుస్తకం రాకపోతే దానికి అర్థం ఒకటే, తాతయ్యా. ఆవిడ నాకు ఎప్పుడూ తెలియదని.

అందుకే అడుగుతున్నా. అమ్మమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేసేది? ఒక్కటి చెప్పు చాలు.

నీ వంకర జుట్టు మనవరాలు


మార్చి 20

అమ్మా రచయిత్రిగారూ,

నీ ఎడిటరమ్మకి నా తరఫున చెప్పు. ఆవిడకి ప్రాణం లేదన్న సంగతి మాకు జనవరిలోనే తెలిసింది, పట్నం మనుషులు చదివి చెప్పక్కర్లేదు. ఈ మాట పిన్నితో అంటే నవ్వింది. నవ్వి వెనక గదిలోకి పోయి చాలాసేపు రాలేదు. ఆడవాళ్ళకి జోకులు నిదానంగా అర్థమవుతాయనుకుంటా.

ఒంటరిగా ఏం చేసేదని కదా అడిగావు. చెబుతా విను, కానీ ఎవరికీ చెప్పకు. మీ అమ్మమ్మ ఈల వేసేది.

అవును, ఈలే. నేను బ్లేళ్ళు కొనడానికి బజారుకి పోయినప్పుడు వంటగది కిటికీ దగ్గర నిలబడి, దుప్పటి మడతపెడుతూ, సన్నగా, తీగ లాగినట్టు వేసేది. ఒకసారి గొడుగు కోసం వెనక్కొచ్చి మెట్ల మీదే ఆగిపోయా. దుప్పటి అంచూ అంచూ కలిసిన చోట ఈల ఆగేది. మళ్ళీ మడత తిప్పగానే అందుకునేది. కింద బస్టాపులో జనం కండక్టరు ఈల అనుకుని గబగబా లేచి నిలబడేవాళ్ళు. బస్సు ఏదీ అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. నేను లోపలికి పోకుండా తడుస్తూనే బజారుకి వెళ్ళిపోయా.

చాలా? ఇంకా కావాలా? నా దగ్గర సరుకు బోలెడు.

గుండాయనకి ఈమధ్య బుద్ధొచ్చింది. కుర్చీ ఎప్పుడు చూసినా కిందే ఉంటోంది. చెప్పగా చెప్పగా రాయి కూడా అరుగుతుంది కదా. నాకే అలవాటు పోలేదు, పొద్దున దిగగానే కాలు పెడలు మీదకి పోతోంది. తీరా చూస్తే అదిమేందుకు ఏమీ ఉండదు.

మీసం మర్చిపోకు.

వానలో తడిసిన
మీ తాత


ఏప్రిల్ 6

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వాక చూసుకున్నా, లోపలేమైనా కదిలిందా అని. లేదు. కానీ చెయ్యి కదిలింది. సెలవు పెట్టి కూర్చుని మొత్తం అధ్యాయం రాసేశా. కిటికీ, దుప్పటి, ఈల, బస్టాపు. ఎడిటర్ ఫోన్ చేసి మరీ చెప్పింది. "ఇదిగో, ఇప్పుడు లేచి కూర్చుంది మీ ముసలావిడ" అని.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఈల కాదు. నువ్వు మెట్ల మీద ఆగిపోవడం. గొడుగు తీసుకోకుండా తడుస్తూ పోవడం. నువ్వు అలాంటివాడివని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నిన్ను ఎప్పుడూ నోరు మూసుకుని చూడలేదు కదా.

ఏ పాట వేసేదో గుర్తుందా? పుస్తకంలో ఖాళీ వదిలిపెట్టా. అది తెలిస్తే అతికిస్తా. పిన్నికి కూడా అధ్యాయం పంపించా, ఈపాటికి అందే ఉంటుంది.

చాలారోజుల తర్వాత పని చేసిన
నీ మనవరాలు


ఏప్రిల్ 14

ఒసే,

పిన్నికి ఎందుకు పంపావే? ఒక్క మాట నన్ను అడగొద్దా?

నీ కాగితాల కట్టని మధ్యలోనే పట్టుకుందామని గుమ్మంలో కాపలా కాశా. ఆ పోస్టాయన నన్ను దాటుకుని పోయి సరిగ్గా దాని చేతికే ఇచ్చాడు. గడ్డానికి వస్తాడుగా, అప్పుడు చెబుతా వాడి పని. అది ఇప్పుడు తలుపేసుకుని చదువుతోంది. నవ్వు వినపడట్లేదు. నా చెవులు పనిచెయ్యకపోవడం వల్ల అయ్యుంటే బాగుండు.

పాట గుర్తులేదు. పాటేదో లేకుండానే ఉంచేయ్, బాగుంటుంది.

తొందరలో,
తాత


ఏప్రిల్ 25

తాతయ్యకి,

పిన్ని ఫోన్ చేసింది. మొదట, "అమ్మకి ఈలేంటే?" అంది. తర్వాత, "ముందు పళ్ళు రెండూ కట్టుడువి. వేడి టీ ఊదితేనే కదిలేవి. ఈల వేస్తే బస్టాపులో పళ్ళు పడేవి, జనం లేచేవాళ్ళు కాదు" అంది.  చివరికి, "నాన్న కోశాడు, నువ్వు కుట్టుకున్నావు" అని పెట్టేసింది.

నేను నిన్ను అడిగింది ఒకే ఒక్కటి. ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పా. ఎవరికీ చెప్పుకోనిది నీకు చెప్పా. దానికి నువ్వు షాపులో గుమాస్తాకి పిల్లిని అంటగట్టినట్టు అమ్మమ్మకి ఈల అంటగట్టి పంపావు. ఆవిడ పోయినా నీకు ఆటేనా? ఒక్కరోజైనా నీకు బాధగా అనిపించిందా అసలు?

ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, నా పుస్తకం మొత్తంలో ప్రాణమున్న చోటు అదొక్కటే. మళ్ళీ మళ్ళీ చదివితే ఎందుకో అర్థమైంది. ఆ కిటికీ దగ్గర నిలబడి ఈల వేస్తున్నది అమ్మమ్మ కాదు, నువ్వు. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని నువ్వే నా పుస్తకంలోకి దూరావు. అందుకే బస్టాపులో జనం లేచారు. ఆవిడ ఏం చేసినా ఎవరూ తిరిగి చూసేవాళ్ళు కాదు. అదీ ఆవిడ.

ఆ అధ్యాయం తీసేశా. ఎడిటర్ వద్దంది. తీసేశా.

మనవరాలు


మే 5

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. పిన్ని నాతో మాట్లాడుతోంది గానీ నా వైపు చూడకుండా మాట్లాడుతోంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి బల్లతో చెబుతోంది, చల్లారిపోతుందని.

ఎవరూ లేనప్పుడు ఏం చేసేదని అడిగావు. ఎవరూ లేనప్పుడంటే నేను కూడా లేనట్టేగా? నాకెలా తెలుస్తుందే? నేనుంటే ఆవిడ ఒంటరిగా లేనట్టు. నేను చూస్తే అది చూడకుండా ఉన్నప్పటిది కాదు. ఇంత చదువుకుని ఆ మాత్రం తోచలేదా నీకు?

ఆ మాట అప్పుడే రాసి పడేస్తే పోయేది. రాయలేదు. కూర్చుని గుర్తుతెచ్చుకుందామని చూశా. ఏమొచ్చిందో చెప్పనా? నేనేదో అనడం, ఆవిడ నవ్వకపోవడం. నేను షర్టు అడగడం, ఆవిడ ఇవ్వడం. నేను రేడియో పెట్టడం, ఆవిడ చీపురు పట్టుకుని కింద షాపు ఊడవడానికి పోవడం. అన్నిట్లో నేనే ఉన్నా. నన్ను తీసేసి చూద్దామంటే నాతో పాటు ఆవిడ కూడా పోతోంది. గోడ మిగులుతోంది.

బాధగా ఉందా అని అడిగావు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడు. మన కాలే, ఎవరిదో తెచ్చి మన ఒళ్ళో పెట్టినట్టుంటుంది. గిల్లితే తెలీదు. నేను మొత్తం అలా ఉన్నా. పొద్దున లేస్తా, బెంచీ మీద కూర్చుంటా, వచ్చినవాణ్ణి ఒక మాట అంటా, వాడు నవ్వుతాడు. ఎవడన్నాడో నాకే తెలీదు.

ఈల ఎందుకు కోశానంటే, ఆవిడ ఒక్కసారి నాకు తెలియనిదేదైనా చేస్తే చూడాలనిపించింది. చూశా కూడా, నీకు రాసినంతసేపూ. మెట్ల మీద నిలబడే ఉన్నా.

తీసేసినందుకు నాకేం కోపం లేదు.

తాత


జూన్ 18

తాతయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఏం రాయాలో తోచలేదు, తోచినప్పుడు షిఫ్టు ఉండేది.

నీ ఉత్తరంలో ఒక ముక్క నన్ను వదల్లేదు. నువ్వు రేడియో పెట్టడం, ఆవిడ చీపురుతో కిందికి పోవడం. నిన్ను తీసేస్తే ఆవిడ కూడా పోతోందని రాశావు. పోయింది సరే, ఎక్కడికి పోయింది? కిందికేగా?

ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. గుర్తుతెచ్చుకోనూ లేదు. ఆవిడకి ఏం కావాలో చూశా, అంతే. మొహం దగ్గర మొదలుపెడితే ప్రతిసారీ అదే మంచి ముసలావిడ వచ్చి కూర్చుంటోంది. అందుకని కాళ్ళ దగ్గర మొదలుపెట్టా. లాండ్రీలో నేల ఎప్పుడూ తడే. పొద్దుటి నుంచి దాని మీద నిలబడ్డ కాళ్ళు. ఇంటికొచ్చి వంటగదిలో నిలబడ్డ కాళ్ళు. సాయంత్రం షాపులో వెంట్రుకలు ఊడుస్తూ మళ్ళీ నిలబడ్డ కాళ్ళు. వాటికి ఏం కావాలి? ఆ వెంబడే పోయా. వచ్చింది ఇది:

"పనివాడి సైకిలు మందుల షాపు దాటే వరకు ఆమె చీపురు ఆపలేదు. తరువాత షట్టరు సగం దించింది. పైన భర్త రేడియోలో వార్తలకు ఎదురు సమాధానాలు చెబుతున్నాడు. ఆమె పెద్ద కుర్చీ పెడలు తొక్కింది. మళ్ళీ తొక్కింది. ఇక లేవనని కుర్చీ మొరాయించాక, కాలిపీట మీద అడుగు వేసి ఎక్కి కూర్చుంది. అద్దం వైపు తిరగలేదు. కాళ్ళు నేలకు అందలేదు. వాటిని కాసేపు అలాగే వదిలేసింది. తరువాత, ఎవరో పక్కింటి పిల్ల కాళ్ళు ఊపుతున్నట్టు, మెల్లగా ఊపింది. పైన రేడియో ఆగే వరకు ఆమె ఎవరికీ ఏమీ కాదు."

ఇది నిజం కాదు. ముందే చెబుతున్నా. ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు. ఎడిటర్‌కి ఇంకా పంపలేదు. నువ్వు చదివి, ఇది ఆవిడ కాదంటే చాలు, తీసేస్తా. పుస్తకం కూడా వదిలేస్తా. ఈసారి కోతలు వద్దు.

నీ తోకపిట్ట


జూన్ 25

తోకపిట్టా,

నీ కాగితం షాపులో బెంచీ మీద కూర్చుని చదివా. గుండాయన ఎవరికో మెడ దగ్గర సరిచేస్తున్నాడు. చదివి తల ఎత్తేసరికి ఎదురుగా ఆ కుర్చీ. ఆ మనిషి లేచిపోయేదాకా ఆగా.

"ఏమయ్యా," అన్నా, "కుర్చీ లేపడం ఎప్పుడు మానేశావు?"

వాడు కత్తెర తుడుస్తూ, "ఏ కుర్చీ మాస్టారూ?" అన్నాడు.

"ఇదే. ఇన్నేళ్ళు తిట్టించుకున్నావుగా. జనవరి నుంచి ఒక్కసారి కూడా లేపలేదు."

వాడు కత్తెర ఇంకా తుడిచాడు. అప్పటికే మెరుస్తోంది. "నేనెప్పుడూ లేపలేదండీ," అన్నాడు.

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు ఇన్నేళ్ళూ?"

"మొదటిసారి తిట్టినప్పుడు చెబుదామనే అనుకున్నా. ఈలోగా పైనుంచి టీ వచ్చింది. చక్కెర ఎక్కువుంది. చూస్తే అమ్మగారు మెట్ల మీద నిలబడుంది. ఏమీ అనలేదు, చూసింది అంతే. నాకు అర్థమైంది. ఆ తర్వాత మీరు ఎప్పుడు తిట్టినా ఆ రోజు టీ తియ్యగా వచ్చేది. నాకేం నష్టం చెప్పండి?"

నీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పైకి వచ్చేశా.  

నిజం కాదని రాశావు. నీకెవరు చెప్పారే? నా ఉత్తరాల్లో నేను గుండాయన్ని తిట్టినదాంట్లోంచి లాగావో, నీ అంతట నీకే వచ్చిందో, నాకు తెలీదు, నువ్వు కూడా చెప్పొద్దు. ఆవిడ కూర్చుంది. పై నుంచి వార్తలకి ఎదురు చెప్పిన మాటా నిజమే, అది మాత్రం తీసెయ్.

ఒక చోట నీకు తెలియనిది ఉంది, అది నేను చెబుతా, కోత కాదు. రేడియో ఆగాక ఆవిడ దిగి కుర్చీ దించకుండా పైకి వచ్చేస్తుంది. మర్చిపోయి కాదు. ఆ కుర్చీ తొక్కితే సులువుగా లేస్తుంది గానీ దించాలంటే బరువు కావాలి. మీ అమ్మమ్మ కాలికి ఆ పెడలు అణగదు. రెండు కాళ్ళతో నిలబడ్డా అణగదు, అంతే ఉండేది మనిషి. అందుకని వదిలేసి వచ్చేది. అది రాయి.

అన్ని రోజులూ లేపేది కాదు, అప్పుడప్పుడే. ఏ రోజు బాగా అలిసిపోయిందో ఆ రోజు లేపేదని ఇప్పుడు అనుకుంటున్నా. అంటే మర్నాడు పొద్దున నేను దిగేసరికి ఆ సంగతి నా ఎదురుగా నిలబడి ఉండేది. నేను దాన్ని కాలితో అదిమి, కిందికి దింపి, గుండాయన్ని తిట్టుకుంటూ షాపు తెరిచేవాణ్ణి. ఇన్నేళ్ళూ.

పిన్నికి నీ కాగితం ఇచ్చా. బల్ల వైపు కాకుండా నా వైపే చూసింది. ఇది కూడా నువ్వు చెప్పిందేనా అంది. కాదన్నా.

నిన్న సాయంత్రం గుండాయన పోయాక కుర్చీ పైదాకా లేపి వదిలేసి వచ్చా. ఎందుకని అడగకు. పొద్దున దిగి చూస్తే అలాగే ఉంది. బెంచీ మీద కూర్చుని దాన్నే చూస్తుంటే వాడు వచ్చాడు. కుర్చీ చూశాడు, నన్ను చూశాడు. సంచీ మేకుకి తగిలించుకుంటూ, "నేనే మాస్టారూ, మర్చిపోయా" అన్నాడు.

తిట్టా. బాగానే తిట్టా. జిరాఫీ దగ్గర మొదలుపెట్టి వాడి నున్నటి గుండు దాకా.

తర్వాత లేచి పెడలు అదిమా. ఉస్సుమంటూ దిగింది. కాల్లో చీమలు పాకినట్టయింది, పెడలు వల్లే అయ్యుంటుంది. కాసేపు అక్కడే పట్టుకుని నిలబడ్డా.

పైకొచ్చి, గుండాయనకి టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువేసి పంపమని పిన్నికి చెప్పా. ఎందుకంది. తిట్లు తిన్నాడు కదా అన్నా.

తీసెయ్యకు.

తాత